అంగడి మారింది, మ్యాపు మారలేదు

(తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీ హాలులో, విద్యార్థులు, ఆశా కార్యకర్తలు, వార్డు ఆరోగ్య సిబ్బంది ముందు ఒక రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడిన పిల్లలూ, ఇక్కడ ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి నాయనా. నేను చెప్పేదానికి కొంచెం సేపు పడుతుంది. ఆశా అక్కచెల్లెళ్లు ఎండలో నడిచి వచ్చారు. ముందు వాళ్లకు మంచినీళ్లు ఇవ్వండి.

నేను ఈ ఊళ్లో ముప్పై ఒక్క ఏళ్లు పోస్ట్‌మ్యాన్‌గా చేశాను. మొదట తీర్థకట్ట వీధి, బండ్ల వీధి, వాటి చుట్టుపక్కల సందులు నా బీట్. తర్వాత కొర్లగుంట, చివరి కొన్నేళ్లు బైరాగిపట్టెడ. రిటైరైన తర్వాత మీ కాలేజీ పిల్లలతో కలిసి ఆదివారాలు వీధులు తిరుగుతున్నాను. ఏ మందులంగడి ఎక్కడుంది, ఏ క్లినిక్ ఎన్ని గంటలకు తెరుస్తారు, ఏ ల్యాబుకు మెట్లెక్కాలి, ఇవన్నీ రాసుకుని మ్యాపులో పెడుతున్నాం. ఈ పని ఎందుకు మొదలైందో చెప్పమని మీ ప్రిన్సిపాల్ గారు అడిగారు. అది మా ఇంట్లోనే మొదలైంది.

పోయిన ఏడాది వేసవిలో మా అక్క పుత్తూరు నుంచి వచ్చి మా ఇంట్లో ఉండింది. ఆమెకు ఇరవై ఏళ్ల నుంచి షుగర్. ఒక రోజు రాత్రి పదిన్నర దాటాక ఫ్రిజ్ తీస్తే ఇన్సులిన్ సీసా జారి కింద పడి పగిలిపోయింది. ఆ రోజు నేను ఊళ్లో లేను, మదనపల్లెలో పెళ్లికి పోయినాను. మా అబ్బాయి ఫోన్లో వెతికాడు. దగ్గర్లోనే ఒక మందులంగడి, ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉంటుందని చూపించింది. బండేసుకుని పోయినాడు. అక్కడ సెల్‌ఫోన్ కవర్లు అమ్మే అంగడి ఉంది, దానికీ షట్టర్ వేసుంది. రెండో చోటికి పోతే బోర్డు ఉంది, లోపల అంగడి లేదు. మూడో చోట తెరిచే ఉంది కానీ వాళ్ల దగ్గర ఫ్రిజ్ లేదు, ఇన్సులిన్ పెట్టరు. చివరికి ఒక ఆస్పత్రి లోపలున్న ఫార్మసీలో దొరికింది. ఇంటికి వచ్చేసరికి పన్నెండు దాటింది. అక్కకు ఏమీ కాలేదు. కానీ ఆ గంటన్నర మా ఆవిడ పడిన టెన్షన్ ఇప్పటికీ చెబుతుంది.

మరుసటి రోజు ఈ సంగతి విన్నప్పుడు నాకు గుండెలో ముల్లు దిగినట్టయింది. ఎందుకంటే ఆ మొదటి మందులంగడి మారిన సంగతి నాకు తెలుసు. రెండు వీధులు దాటి అవతలికి మారింది. ఆయన పేరు మీద వచ్చిన ఎల్ఐసీ కాగితాలు, కంపెనీ ఉత్తరాలు ఏడాది పాటు కొత్త చోటికి మోసింది నేనే. ఆ అంగడి రాత్రి పన్నెండు దాకా తెరిచి ఉంటుందనీ, లోపల గాజు తలుపు ఫ్రిజ్ ఉందనీ తెలుసు. అదంతా నా తలలో ఉంది. మా అబ్బాయి చేతిలోని ఫోన్లో లేదు. నేను ఊళ్లో లేని రాత్రి, నాకు తెలిసిన సంగతి సొంత అక్కకే ఉపయోగపడలేదు.

పోస్టాఫీసులో ఒక పద్ధతి ఉంది. ఉత్తరం ఇవ్వలేకపోతే దాన్ని ఊరికే వెనక్కి తెచ్చి పడేయకూడదు. కవరు మీద కారణం రాయాలి. మనిషి ఇల్లు మారి వెళ్లిపోతే 'లెఫ్ట్', తాళం వేసుంటే 'డోర్ లాక్', తీసుకోనంటే 'రెఫ్యూజ్డ్'. కింద తేదీ వేసి సంతకం చేయాలి. ఆ ఒక్క మాట వల్ల ఉత్తరం పంపినాయనకు తెలుస్తుంది, ఆ మనిషి ఆ ఇంట్లో లేడని. మన ఫోన్లలో ఉన్న మ్యాపుల్లో కొత్త అంగడి పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. అంగడి పెట్టినాయనే పెట్టుకుంటాడు, వ్యాపారం కావాలి కదా. అదే అంగడి మూసేసిన రోజు మ్యాపు గురించి ఎవరికి గుర్తుంటుంది? అప్పు తీర్చుకునే ఆలోచనలో ఉంటాడు. అందుకే పోయిన అంగళ్లు మ్యాపులో బతికే ఉంటాయి. 'లెఫ్ట్' అని రాసేవాళ్లు లేరు.

ఖాళీగా ఉన్న మ్యాపుతో అంత నష్టం లేదు. అందులో ఏమీ కనబడకపోతే పక్కింటివాళ్లను అడుగుతాం, ఆటో ఆయన్ని అడుగుతాం. తప్పు చూపించే మ్యాపును నమ్మి పోతాం, అక్కడే టైమ్ పోతుంది. మెదడుకు రక్తం గడ్డ కట్టి పక్షవాతం వచ్చిన మనిషికి గడ్డ కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటల లోపల పడాలంటారు. ఆ నాలుగున్నర గంటల్లో స్కాన్ లేని చోటికి ఒకసారి, మూసేసిన చోటికి ఇంకొకసారి తిరిగితే ఏం మిగులుతుంది?

మన ఊరికి ఒక ప్రత్యేకమైన కష్టం ఉంది. స్వామివారి ఊరు కాబట్టి ఏ వీధిలో చూసినా బాలాజీ, శ్రీనివాస, పద్మావతి, వెంకటేశ్వర. బాలాజీ మెడికల్స్, శ్రీ బాలాజీ మెడికల్స్, న్యూ బాలాజీ మెడికల్స్. భక్తితో పెట్టుకున్న పేర్లు, తప్పు పట్టలేం. కానీ రాత్రిపూట కంగారులో వెతికే మనిషికి అన్నీ ఒకటిగానే కనబడతాయి. ఇంగ్లీషు అక్షరాల్లో పద్మావతి అని కొందరు 'హెచ్' పెట్టి రాస్తారు, కొందరు పెట్టకుండా రాస్తారు. దాంతో ఒకే అంగడి మ్యాపులో రెండుసార్లు పడుతుంది, ఒకటి పాత ఫోన్ నంబరుతో, ఒకటి కొత్తదానితో. నా బీట్‌లో ఒకే పేరు ఉన్న ఇద్దరికి ఉత్తరాలు వస్తే నేను తండ్రి పేరు చూసేవాణ్ణి. ఇప్పుడు పిల్లలకు అదే చెబుతాను. పేరు రాస్తే సరిపోదు, ఏ గుడి పక్కన, ఏ టైలర్ ఎదురుగా, అది కూడా రాయండి అని. పేరు తెలుగులో కూడా పెట్టమంటాను. మా అక్కలాంటి వాళ్లు ఫోన్‌తో తెలుగులోనే మాట్లాడతారు.

ఇంకొకటి, గుర్తు ఎక్కడ పెడుతున్నాం అనేది. ఫోన్లో జీపీఎస్ పైన ఆకాశం బాగా కనబడే చోట దాదాపు ఐదు మీటర్ల తేడాతో చూపిస్తుంది. మన పాత సందుల్లో అటూ ఇటూ మూడంతస్తుల మేడలు ఉంటాయి, అక్కడ తేడా ఇంకా పెరుగుతుంది. మన సందు వెడల్పే అంతంత మాత్రం కదా, గుర్తు పోయి వెనక వీధిలో పడుతుంది. వెనక వీధికి పోయిన మనిషి గోడ చూసి నిలబడతాడు. అందుకే మేం ఫోన్ చెప్పినదాన్ని అలాగే ఒప్పుకోం. పైనుంచి తీసిన ఫోటోలో ఆ మేడ ఏదో చూసి, గుర్తును చేత్తో జరిపి, వాకిలి ఏ వైపు ఉంటే ఆ వైపుకు పెడతాం. పోస్ట్‌మ్యాన్‌కు ఇల్లంటే వాకిలే కదా. మెట్లు ఉంటే మెట్లున్నాయని రాస్తాం. మోకాళ్ల నొప్పులున్న ఆమెకు రెండో అంతస్తు ల్యాబు దగ్గర్లో ఉన్నట్టు ఎలా అవుతుంది?

పిల్లలు మొదటి వారం ఒక పొరపాటు చేశారు. డాక్టర్ బోర్డు కనబడిన ప్రతి చోటికీ ఆస్పత్రి అని గుర్తు పెట్టేశారు. నేను వాళ్లను కూర్చోబెట్టి మళ్లీ తిరగమన్నాను. ఒకటి సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా మాత్రమే డాక్టర్ గారు కూర్చునే గది. ఒకటి పళ్ల డాక్టర్. ఒకటి రక్తం తీసుకుని వేరే చోటికి పంపే చిన్న గది, పరీక్ష అక్కడ చేయరు. ఒకటి ఆర్ఎంపీ ఆయన. బోర్డు మీద ఏముందో అదే రాయండి, మనం తీర్పు చెప్పవద్దు, కానీ సూదిమందు వేసే గదిని ఆస్పత్రి అని మాత్రం రాయవద్దు అన్నాను. ప్రమాదం జరిగినప్పుడు జనం ఆ మాట నమ్మి పోతారు. పెద్ద ఆస్పత్రుల విషయంలో మన ఊరివాళ్లకు తికమక లేదు. గుండెకో కిడ్నీకో అయితే స్విమ్స్, ఎముకలకు బర్డ్, పురిటికి మెటర్నిటీ, మిగతా అన్నిటికీ రుయా. ఆ లెక్క మనకు పుట్టుకతో వస్తుంది. కొండకు వచ్చిన యాత్రికుడికి రాదు.

ఆ యాత్రికుల గురించి ఒక మాట. 2011 జనాభా లెక్కల్లో మన కార్పొరేషన్ జనాభా 2 లక్షల 87 వేలు. రోజూ కొండకు వచ్చేవాళ్లు అరవై డెబ్బై వేలు. వాళ్లు ఏ వార్డు రిజిస్టరులోనూ ఉండరు. ఏ ఆశా అక్కా వాళ్ల ఇంటికి పోయి పలకరించదు, ఎందుకంటే వాళ్లకు ఇక్కడ ఇల్లు లేదు. అలిపిరి దగ్గర మొదలుపెట్టి 3,550 మెట్లు ఎక్కిన ముసలాయనకు ఛాతీలో పట్టేసినట్టుంటే, తెలుగు రాని ఆయన కొడుకు ఎవరిని అడుగుతాడు? చేతిలో ఉన్న ఫోన్‌నే అడుగుతాడు. మనకైతే తప్పు మ్యాపు ఉన్నా ఎదురింటి పెద్దమ్మ ఉంది. వాళ్లకు మ్యాపు ఒక్కటే దిక్కు.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1854లో లండన్‌లో సోహో అనే పేటలో కలరా వచ్చింది. ఒక్క పేటలోనే ఆరు వందల మందికి పైగా పోయారు. జాన్ స్నో అనే డాక్టర్ చావు జరిగిన ప్రతి ఇంటి దగ్గరా మ్యాపులో గీత పెడుతూ పోతే, ఆ గీతలు చాలావరకు బ్రాడ్ స్ట్రీట్‌లో ఉన్న నీళ్ల పంపు చుట్టూ గుమిగూడాయి. ఆ మ్యాపు గీయకముందే, ఆయన మాట మీద సెప్టెంబర్ 8న ఆ పంపు చేతిపిడి తీసేశారు. ఈ కథ చాలామందికి తెలుసు. నన్ను పట్టుకున్నది అందులో వేరే భాగం. ఆ పంపు దగ్గర్లోనే ఒక బీరు తయారీ కర్మాగారం ఉండేది. డెబ్బై మందికి పైగా పనివాళ్లు, ఒక్కరూ కలరాతో చావలేదు. వాళ్లు అక్కడి బీరే తాగేవాళ్లు, పైగా లోపల సొంత బావి ఉంది. ఇంకో పక్క అనాథలూ పేదలూ ఉండే వర్క్‌హౌస్, 535 మంది ఉన్నారు, పోయింది ఐదుగురే. అక్కడా సొంత బావే. అంటే చావులు జరిగిన ఇళ్లను మాత్రమే గుర్తించి ఊరుకుంటే వాదన సగమే. చావులు జరగని కర్మాగారం, చావులు తక్కువైన వర్క్‌హౌస్, అవి ఏమిటో, అక్కడ ఏ నీళ్లు తాగుతారో తెలిసింది కాబట్టి వాదన నిలబడింది.

ఇంకో మనిషి ఉన్నాడు అందులో. హెన్రీ వైట్‌హెడ్ అని, ఆ పేట చర్చిలో పాదిరి. మొదట ఆయన స్నో మాట నమ్మలేదు. తప్పని చూపిద్దామని ఇల్లిల్లూ తిరిగాడు. ఆ ఇళ్లన్నీ ఆయనకు ముందే తెలుసు, జనం ఆయనకు తలుపు తీస్తారు, దాచకుండా చెబుతారు. తిరిగి తిరిగి, పంపు పక్కనే ఉన్న 40వ నంబరు ఇంట్లో ఒక పసిబిడ్డకు ముందుగా జబ్బు చేసిందనీ, ఆ గుడ్డలు ఉతికిన నీళ్లు పారబోసిన గుంట బావికి ఆనుకునే ఉందనీ ఆయనే బయటపెట్టాడు. స్నో మాటే నిజమని ఒప్పుకున్నాడు. లెక్క వేసే డాక్టర్‌కు, గడప తెలిసిన పాదిరి తోడయ్యాడు. ఈ హాల్లో ఆశా అక్కలను చూస్తే నాకు ఆ పాదిరే గుర్తొస్తాడు.

మన ఊళ్లో కలరా మాట ఇప్పుడు వినబడదు. డెంగ్యూ వినబడుతుంది. డెంగ్యూ దోమ పుట్టిన చోటు నుంచి ఎక్కువ దూరం పోదు, కొన్ని వందల మీటర్ల లోపలే తిరుగుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. దాని గుడ్లు నీళ్లు లేకపోయినా నెలల తరబడి ఎండి అలాగే ఉండి, వాన పడగానే లేస్తాయి. వాన నీళ్లు నిలబడేది ఎక్కడ? పంక్చర్ అంగడి ముందు పేర్చిన పాత టైర్లలో. పాత ఇనుము అంగడిలో. కడుతున్న మేడల సంపుల్లో. మన ఊళ్లో అయితే కొబ్బరి చిప్పల్లో, కొబ్బరి బోండాల కుప్పల్లో. ఒక ఆదివారం మా పిల్లలు ఒక పంక్చర్ అంగడి ముందు టైరును వంచి చూశారు. అడుగున చారెడు నీళ్లు, నల్లగా. టార్చ్ వేస్తే అందులో తోకపురుగులు మెలికలు తిరుగుతున్నాయి. అంగడాయన మంచివాడు, పిల్లలు చూపిస్తే ఆయనే బిత్తరపోయి, ఆ రోజే టైర్లకు పట్ట కప్పాడు. డెంగ్యూ కేసు వచ్చాక ఆ ఇంటి చుట్టూ పొగ కొడుతున్నారు. పంక్చర్ అంగళ్లు, ఇనుము అంగళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే మ్యాపులో ఉంటే, వానలకు ముందే ఆ చోట్లకు పోవచ్చు కదా. ఆరోగ్యానికి మందులంగడి ఒక్కటే చూస్తే చాలదని నాకు ఆ టైరు దగ్గరే అర్థమైంది.

అలాగే కూరగాయలు. షుగర్ ఉన్న మనిషికి డాక్టర్ ఆకుకూరలు తినమంటాడు. ఆమె నడవగలిగిన దూరంలో బేకరీలు నాలుగున్నాయి, చిప్స్ అంగళ్లు ఉన్నాయి, ఆకుకూరల బండి మాత్రం ఉదయం ఏడింటికి వచ్చి ఎనిమిదిన్నరకు పోతుంది. బండ్లు ఏ మ్యాపులోనూ ఉండవు, కదులుతాయి కాబట్టి. కానీ నా ముప్పై ఒక్క ఏళ్లలో ఆ బండివాళ్లు రోజూ అదే చెట్టు కింద, అదే టైముకు ఆగడం చూశాను. వీధి వ్యాపారులను ఐదేళ్లకొకసారైనా సర్వే చేయాలని 2014 చట్టమే చెబుతోంది. మేం బండి ఆగే చోటు, టైము రాస్తున్నాం. బడులకు 100 గజాల లోపల సిగరెట్లు, గుట్కా అమ్మకూడదని 2003 చట్టం ఉంది. ఆ గజాలు కొలవడానికి కూడా బడి గేటు ఎక్కడో, సిగరెట్లు అమ్మే బంకు ఎక్కడో సరిగ్గా తెలియాలి. బంకులవాళ్లు పేదవాళ్లు, వాళ్ల మీద ఫిర్యాదు చేయడానికి మేం తిరగడం లేదు. అమ్మేది ఏమిటో మాత్రం ఉన్నది ఉన్నట్టు రాస్తాం.

ఇక్కడ కొంచెం గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది, పిల్లలు బాగా వినండి. పోస్ట్‌మ్యాన్‌కు అన్నీ తెలుస్తాయి. ఏ ఇంటికి కోర్టు నోటీసు వచ్చింది, ఏ ఇంటికి మనియార్డరు ఆగిపోయింది, ఏ ఇంటికి ఏ ఆస్పత్రి నుంచి కవరు వచ్చింది. అవన్నీ కడుపులో పెట్టుకుని రిటైరయ్యాను. మనం మ్యాపులో పెట్టేది అంగళ్లు, క్లినిక్కులు, నీళ్ల ప్లాంట్లు, మరుగుదొడ్లు. ఏ ఇంట్లో ఏ జబ్బు ఉందో మ్యాపులో పెట్టకూడదు. టీబీ మందులు వేసుకుంటున్న ఆమె ఇంటి మీద చుక్క పెడితే, రేపటి నుంచి ఎదురింటివాళ్లు ఆమె చేతి నీళ్లు తాగరు. ఆ లెక్కలు ఆరోగ్యశాఖ రిజిస్టరులో ఉంటాయి, అక్కడే ఉండాలి. మీకు మాటల్లో తెలిసినా మీ నోట్‌బుక్కులో రాయవద్దు.

కొందరు అడిగారు, ఇప్పుడు డిజిపిన్ వచ్చింది కదా, ఇంకా ఈ తిరుగుడెందుకు అని. మా శాఖ తెచ్చిందే అది, నాకు సంతోషమే. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చినప్పుడు ఊరుకు ఆరంకెలు దొరికాయి. 2025లో డిజిపిన్ వచ్చి, సుమారు నాలుగు మీటర్ల గడి గడికీ పది అక్షరాల కోడ్ ఇచ్చింది. డోర్ నంబర్లు వరసలో లేని జీవకోన లాంటి చోట్ల 108 ఆయనకు అది చెప్పగలిగితే చాలా మేలు. కానీ ఆ కోడ్ చోటును చెబుతుంది. ఆ చోట పోయినేడు మందులంగడి ఉందో, ఇప్పుడు సెల్‌ఫోన్ అంగడి ఉందో చెప్పదు. దానికి ఎవరో ఒకరు పోయి చూడాలి.

మేం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో రాస్తున్నాం. 2004లో మొదలైంది, ఎవరైనా దిద్దవచ్చు, ఎవరు ఎప్పుడు దిద్దారో అందులో నిలిచి ఉంటుంది. నాకు నచ్చిందేమంటే, అక్కడికి పోయి చూసిన తేదీ వేయడానికి అందులో చోటుంది. మా కవరు మీద తేదీ, సంతకం లాగే. మిగతా మ్యాపుల్లో కూడా తప్పు కనబడితే, మూసేశారనో మారిందనో చెప్పే వీలుంది, అదీ వాడండి. తేదీ లేని సమాచారాన్ని నేను నమ్మను. ఆరు నెలలు దాటిన ప్రతి అంగడికీ మళ్లీ పోవాలని పెట్టుకున్నాం. వానల తర్వాత ఒకసారి, గంగమ్మ జాతర ముందు ఒకసారి. జాతర రోజుల్లో తాతయ్యగుంట గంగమ్మ గుడి చుట్టూ బండి పోయే దారులే మారిపోతాయి.

ఆశా అక్కలను ఒకటి అడుగుతాను. మీరు మీ వీధుల్లో ఎలాగూ తిరుగుతున్నారు. మీకు కొత్త పని పెట్టడం నా ఉద్దేశం కాదు, ఉన్న పనికే జీతం చాలడం లేదని నాకు తెలుసు. ఒక అంగడి మూతపడిందని కంటబడితే ఈ పిల్లల్లో ఒకరికి ఒక్క వాయిస్ మెసేజ్ పెట్టండి. 'ఫలానా సందులో మందులంగడి లేదు నాయనా' అంటే చాలు. మిగతాది వాళ్లు పోయి చూసి రాస్తారు.

వచ్చే ఆదివారం ఉదయం ఆరున్నరకు తీర్థకట్ట వీధి మొదట్లో కలుద్దాం. నోట్‌బుక్కు, పెన్ను, నీళ్లసీసా తెచ్చుకోండి, ఫోన్ చార్జింగు చూసుకోండి. ఇద్దరిద్దరుగా పోదాం, ఆడపిల్లలు వాళ్లకు నచ్చిన జోడీతో. అంగడిలోకి పోగానే ఫోటో తీయకండి, ముందు నమస్కారం పెట్టి ఎందుకు వచ్చామో చెప్పండి. మొదటి అంగడి, మా అబ్బాయి ఆ రాత్రి వెతికిన మందులంగడి, కొత్త చోట ఉన్నది. ఆయన ఏడింటికి షట్టర్ తీస్తాడు. ఫ్రిజ్ ఉందా, కరెంటు పోతే ఇన్వర్టర్ ఉందా, రాత్రి ఎన్ని గంటల దాకా ఉంటారు, ఈ మూడూ అడగాలి. పాత చోట ఉన్న గుర్తును ఎవరు తీసేస్తారో ఇప్పుడే చేయెత్తండి.